వలస పాలనలో న్యాయమూర్తులు, సాంకేతిక చట్టాల సవరణ

బ్రిటిష్ ఇండియాలో చట్టం చేసే పని శాసన మండలిదనీ, దానికి అర్థం చెప్పే పని కోర్టులదనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తనఖా, రిజిస్ట్రేషన్, కాలపరిమితి, సివిల్ ప్రొసీజర్, సాక్ష్యం లాంటి సాంకేతిక చట్టాల దగ్గర ఈ హద్దు అంత గట్టిగా నిలవలేదు. ముసాయిదా రాసిన కమిషన్లలో న్యాయమూర్తులే కూర్చున్నారు. బిల్లు మీద అభిప్రాయం చెప్పిందీ వాళ్లే. చట్టం వచ్చాక ఒక్కో హైకోర్టు దానికి ఒక్కో అర్థం చెప్పింది. చివరికి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒక అర్థాన్ని ఖాయం చేసేసరికి, ఆ అర్థాన్ని మార్చడానికో దాని దెబ్బనుంచి జనాన్ని కాపాడడానికో మళ్లీ సవరణ చట్టం కావలసి వచ్చేది. 1859 నుంచి 1947 వరకు వచ్చిన సాంకేతిక సవరణల్లో చాలావాటికి ఏదో ఒక తీర్పు కారణంగా కనిపిస్తుంది. వీటిలో కొన్ని పెద్ద తగాదాలు మద్రాసు హైకోర్టునుంచి, అందులోనూ తెలుగు జిల్లాలనుంచి వెళ్లాయి.

రాసిన చేతులే తీర్పు చెప్పిన చేతులు

న్యాయాధికారులు చట్టంలో మార్పులు సూచించే ఏర్పాటు కారన్‌వాలిస్ కాలంనుంచీ ఉంది. 1793 నాటి బెంగాల్ రెగ్యులేషన్ల కింద జిల్లా కోర్టులనుంచి సదర్ అదాలత్ దాకా ఏ కోర్టయినా కొత్త రెగ్యులేషన్‌ను ప్రతిపాదించవచ్చు. 1833 చార్టర్ చట్టంతో లా మెంబరు పదవీ లా కమిషనూ వచ్చాక ఈ పని ఎక్కువగా కేంద్రం చేతికి వెళ్లింది గానీ న్యాయమూర్తుల పాత్ర తగ్గలేదు. బార్న్స్ పీకాక్ 1852లో లా మెంబరుగా వచ్చాడు. 1859 నాటి మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1860 నాటి శిక్షాస్మృతి ఆయన హయాంలో రూపుదిద్దుకున్నవే. ఆ తర్వాత ఆయనే కలకత్తా హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, 1872నుంచి ప్రివీ కౌన్సిల్లోనూ కూర్చున్నాడు. తాను నడిపించిన చట్టానికి కింది మెట్టునా పై మెట్టునా తానే అర్థం చెప్పే అవకాశం ఒక్క మనిషికి దొరికింది.

1879లో వేసిన నాలుగో లా కమిషన్‌లో విట్లీ స్టోక్స్, చార్లెస్ టర్నర్, రేమండ్ వెస్ట్ సభ్యులు. టర్నర్ అప్పటి మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, వెస్ట్ బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, ట్రస్టుల చట్టం, ఈజ్‌మెంట్ల చట్టం ఈ కమిషన్ పరిశీలన తర్వాత వచ్చినవే. ఆస్తి బదిలీ చట్టం 1882 జులై 1నుంచి అమలైంది, కానీ దేశమంతటా కాదు. బొంబాయి, పంజాబ్‌లను మొదట్లో వదిలేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ మొదటినుంచీ దాని కిందే ఉంది. అందుకే ఆ చట్టంలోని లొసుగుల మీద మద్రాసులో అన్ని తగాదాలు నడిచాయి. నిజాం రాజ్యం సంగతి వేరు. అక్కడి కోర్టులు వేరు, అప్పీళ్లు లండన్‌కు వెళ్లేవి కావు.

ఏ బిల్లు తయారైనా స్థానిక ప్రభుత్వాలకూ హైకోర్టులకూ అభిప్రాయం కోసం పంపడం ఆనవాయితీ. న్యాయమూర్తులు విడివిడిగా మినిట్లు రాసేవాళ్లు, సెలెక్ట్ కమిటీ వాటిని ముందు పెట్టుకుని క్లాజులు సరిచేసేది. ఇదంతా కాగితాల్లో గుట్టుగా సాగిన పని. బయటి జనానికి తెలిసేది చట్టం గెజెట్‌లో పడ్డాకనే, చాలామందికి తమ దావా ఓడిపోయాకనే.

అరవై ఏళ్లా, పన్నెండేళ్లా

1859 నాటి కాలపరిమితి చట్టాన్ని 1871, 1877, 1908లలో మూడుసార్లు తిరగరాశారు. తనఖా ఆస్తిని అమ్మించి బాకీ రాబట్టుకునే దావాకు గడువెంత అన్నది 1877 చట్టం కింద తేలని ప్రశ్న. ఒక అధికరణం ప్రకారం చూస్తే పన్నెండేళ్లు, మరో అధికరణం ప్రకారం చూస్తే అరవై. మద్రాసులో అరవై ఏళ్ల గడువునే నమ్ముకుని షావుకార్లు నింపాదిగా ఉన్నారు. 1907లో వాసుదేవ మొదలియార్ వర్సెస్ శ్రీనివాస పిళ్లై కేసులో ప్రివీ కౌన్సిల్ సాదా తనఖాకు పన్నెండేళ్లే వర్తిస్తాయని తేల్చింది. ఒక్క తీర్పుతో పన్నెండేళ్లు దాటిన పాత తనఖాలకు కాలదోషం పట్టింది. తీర్పు చట్టాన్ని మార్చదు, ఉన్న చట్టం ఏమిటో చెబుతుందంతే అన్నది కోర్టుల సిద్ధాంతం. ఆ లెక్కన షావుకార్ల హక్కు ఎప్పుడో చచ్చిపోయింది, వాళ్లకు తెలియలేదు, అంతే.

శాసన మండలి మరుసటి ఏడాదే దిగింది. 1908 కాలపరిమితి చట్టంలో 31వ సెక్షన్‌గా ఒక తాత్కాలిక ఊరట పెట్టారు. మద్రాసుతో సహా షెడ్యూల్లో పేర్కొన్న ప్రాంతాల్లో, పాత లెక్కను నమ్ముకున్న తనఖాదార్లు చట్టం వచ్చిన నాటినుంచి రెండేళ్ల లోపు గానీ, అరవై ఏళ్ల గడువు అంతకుముందే ముగిస్తే ఆలోపు గానీ దావా వేసుకోవచ్చు. చట్టం మొత్తం 1909 జనవరి 1నుంచి అమలు కావలసి ఉండగా ఈ ఒక్క సెక్షన్ 1908 ఆగస్టులోనే అమల్లోకి వచ్చింది. ప్రివీ కౌన్సిల్ చెప్పిన అర్థాన్ని శాసన మండలి కాదనలేదన్నది గమనించాలి. అర్థాన్ని ఒప్పుకుని దాని దెబ్బను మాత్రం వాయిదా వేసింది. సాంకేతిక సవరణల్లో ఇది ఒక రకం, అన్నిటికన్నా వినయమైన రకం.

సాక్షి సంతకం

ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన తనఖా దస్తావేజు రిజిస్టరు కావాలి. రాసిచ్చేవాడు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు దానిని అటెస్ట్ చేయాలి. అటెస్ట్ చేయడమంటే ఏమిటో మాత్రం చట్టం చెప్పలేదు. రాసిచ్చేవాడు సంతకం చేస్తుండగా సాక్షి కళ్లారా చూడాలా, లేక ‘ఇది నా సంతకమే’ అని అతను తర్వాత ఒప్పుకుంటే సాక్షి తన సంతకం పెట్టవచ్చా? 1865 వారసత్వ చట్టం వీలునామాల విషయంలో రెండో పద్ధతినీ అనుమతించింది. ఆస్తి బదిలీ చట్టం రాసినవాళ్లు ఆ మాటను ఇందులో చేర్చలేదు. ఊళ్లో జరిగే తీరు వేరు. కరణం కాగితం రాస్తాడు, రాసిచ్చేవాడు సంతకమో వేలిముద్రో వేస్తాడు, సాక్షులు పొలంనుంచి వచ్చాక సాయంత్రం సంతకాలు పెడతారు. అలహాబాదు హైకోర్టు ఈ పద్ధతి చాలునంది. కలకత్తా, మద్రాసు కోర్టులు చాలదన్నాయి.

1912లో శాము పట్టర్ వర్సెస్ అబ్దుల్ ఖాదిర్ రావుత్తర్ కేసు మద్రాసునుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. సాక్షి స్వయంగా చూసి తీరాలని తీర్పు వచ్చింది. అలా జరగని ప్రతి తనఖా తనఖా కాకుండా పోయింది. అప్పు అప్పుగానే మిగిలింది గానీ భూమి మీద హక్కు ఎగిరిపోయింది. మామూలు బాకీగా వసూలు చేసుకుందామంటే దాని గడువు తనఖా గడువు కంటే చాలా తక్కువ. ఉత్తర భారతంలో దీని తాకిడి ఎక్కువ, ఎందుకంటే అక్కడి హైకోర్టు ఏళ్ల తరబడి చాలునని చెప్పిన పద్ధతే ఇప్పుడు చెల్లకుండా పోయింది.

మూడేళ్లకు ఈ తీర్పు అంచులు తేలాయి. 1915 నాటి పదారథ్ హల్వాయి కేసులో రాసిచ్చింది పరదా పాటించే స్త్రీలు. సాక్షులకు వాళ్ల ముఖాలు కనిపించలేదు. గొంతులు ఎరుగుదురు, తెర చాటున సంతకం జరగడం చూశారు. అది చాలునని ప్రివీ కౌన్సిల్ అంది. చూడడం అంటే ముఖం చూడడం కాదు, సంతకం జరగడం చూడడం. ఇంత సూక్ష్మమైన తేడా మీద లక్షల రూపాయల అప్పులు నిలిచాయంటే సాంకేతిక చట్టం అన్న పేరు ఎంత మోసగించే పేరో తెలుస్తుంది.

1917లో కొన్ని పాత బదిలీలను కాపాడుతూ ఒక వాలిడేటింగ్ చట్టం వచ్చింది. అసలు మందు 1926లో పడింది. ఆ ఏటి 27వ చట్టం అటెస్ట్ చేయడానికి నిర్వచనం ఇచ్చింది. సాక్షి సంతకాన్ని చూసినా సరే, రాసిచ్చినవాడినుంచి స్వయంగా ఒప్పుకోలు విన్నా సరే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండనక్కర్లేదు. అంటే ప్రివీ కౌన్సిల్ కాదన్న దాన్నే శాసనసభ అవునంది. ఈ నిర్వచనం గడిచిన దస్తావేజులకు వర్తిస్తుందా అన్న అనుమానం వెంటనే పుట్టింది. 1927లో మరో చిన్న సవరణతో ఆ మాటకు ‘మొదటినుంచీ ఇదే అర్థమని భావించాలి’ అన్న ధోరణిలో పదాలు చేర్చారు. కోర్టు తన తీర్పును పాత చట్టపు అసలు అర్థంగా చూపించినట్టే, శాసనసభ తన సవరణనూ పాత చట్టపు అసలు అర్థంగా చూపించింది. ఇద్దరూ ఆడిన నాటకం ఒకటే. కాకపోతే శాసనసభ దాన్ని బహిరంగంగా ఆడింది.

స్వాధీనంలో ఉన్న కొనుగోలుదారు

ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలకు తగ్గని స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. అమ్మకం ఒప్పందం దానికదిగా ఆస్తిలో ఏ హక్కూ ఇవ్వదు. పల్లెల్లో మాత్రం ఒప్పంద కాగితం రాసుకుని, డబ్బు ముట్టజెప్పి, పొలంలో నాగలి పెట్టేయడం మామూలు. తర్వాత అమ్మినవాడు మనసు మార్చుకుని ఖాళీ చేయమని దావా వేస్తే?

1906లో కుర్రి వీరారెడ్డి వర్సెస్ కుర్రి బాపిరెడ్డి కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఖచ్చితంగా మాట్లాడింది. రిజిస్టరు దస్తావేజు లేనివాడు, ఒప్పందాన్ని అమలు చేయించుకునే హక్కు తనకుందన్న ఒక్క కారణంతో యజమాని దావాను అడ్డుకోలేడు. చట్టం అక్షరం ప్రకారం అది సరైనదే. ఇంగ్లండ్‌లో ఇలాంటివాడిని ఈక్విటీ కోర్టులు ఎప్పటినుంచో పాక్షిక అమలు సూత్రంతో కాపాడుతూ వచ్చాయి. ఆ సూత్రం అప్పటికి ఇక్కడి చట్టంలో లేదు.

1914లో మహమ్మద్ మూసా వర్సెస్ అఘోర్ కుమార్ గంగూలీ కేసు లండన్‌లో వచ్చింది. రిజిస్టరు కాని రాజీ పత్రం ఒకటి, దాని ప్రకారం దశాబ్దాల పాటు ఇరుపక్షాలూ నడుచుకున్నాయి. ప్రివీ కౌన్సిల్ తరఫున లార్డ్ షా రాసిన తీర్పు ఆ సూత్రాన్ని భారతదేశానికీ తెచ్చింది. షా స్కాట్లండ్ వకీలు. ఇంగ్లీషు కేసులతో పాటు స్కాట్ న్యాయాన్నీ కలుపుకుని ఆ తీర్పు రాశాడు. ఇక్కడి రిజిస్ట్రేషన్ సెక్షన్లతో అది ఎలా పొసుగుతుందన్నది అంతగా పట్టించుకోలేదు. 1923లో విశాఖపట్నం షుగర్ డెవలప్‌మెంట్ కంపెనీ వర్సెస్ ముత్తురామారెడ్డి కేసులో మద్రాసు ఫుల్ బెంచి ఈ తీర్పును అనుసరించి కుర్రి వీరారెడ్డి తీర్పును పక్కన పెట్టింది. ఇరవై ఏళ్ల లోపే ఒకే కోర్టు ఒకే సెక్షన్ మీద రెండు విధాల మాట్లాడింది. ఈ మధ్యలో పొలాలు కొన్నవాళ్ల గతి ఏ ఏడాది దావా పడిందన్న దాని మీద ఆధారపడింది.

1927లో ఆస్తి బదిలీ చట్టాన్ని సమీక్షించడానికి ప్రత్యేక కమిటీ వేశారు. దాని ఫలితం 1929 నాటి 20వ చట్టం, 1930 ఏప్రిల్ 1నుంచి అమలు. కొత్తగా చేరిన 53ఏ సెక్షన్ పాక్షిక అమలు సూత్రాన్ని సగమే ఒప్పుకుంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, కొనుగోలుదారు స్వాధీనం పొంది ఉండాలి, తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉండాలి. అప్పుడు అమ్మినవాడు అతన్ని వెళ్లగొట్టలేడు. ఇంగ్లండ్‌లో అప్పట్లో నోటిమాట ఒప్పందానికీ ఈ రక్షణ ఉండేది, ఇక్కడ లేదు. అబద్ధపు సాక్ష్యాల భయం కమిటీని నడిపించింది కావచ్చు. నా మటుకు అది తెలివైన షరతే.

న్యాయమూర్తులు దీన్ని ఎలా అందుకున్నారన్నది ఇంకా ఆసక్తికరం. 1931లో ఆరిఫ్ వర్సెస్ జదునాథ్ మజుందార్ కేసులో కౌలుదారు నోటి ఒప్పందాన్ని నమ్ముకుని స్థలంలో భారీ ఖర్చుతో కట్టడాలు లేపాడు. ఇంగ్లీషు ఈక్విటీ భారత శాసనాన్ని తోసిరాజనలేదని ప్రివీ కౌన్సిల్ అతన్ని ఖాళీ చేయించింది, కట్టడాలు మాత్రం తీసుకుపొమ్మంది. సవరణ రాకముందు నాటి వ్యవహారం కాబట్టి కొత్త సెక్షన్ అతనికి అందలేదు. 1939లో ప్రబోధ్ కుమార్ దాస్ కేసులో 53ఏ డాలు మాత్రమే, దాన్ని చూపించి హక్కు కోరుతూ దావా వేయడం కుదరదని తేల్చింది. 1914లో ఉదారంగా తెరిచిన తలుపును శాసనసభ సగం మూస్తే, మిగిలిన సగాన్ని అదే ప్రివీ కౌన్సిల్ జాగ్రత్తగా కొలిచి పెట్టింది. 2001 సవరణతో ఆ ఒప్పందం కూడా రిజిస్టరై ఉండాలన్న షరతు వచ్చింది.

సాంకేతికం కానిది

సవరణ బిల్లుకు సాంకేతికమన్న పేరు పెట్టినంత మాత్రాన అది సాంకేతికం కాదు. 1883 నాటి ఇల్బర్ట్ బిల్లు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో కొన్ని సెక్షన్ల సవరణ మాత్రమే. బిహారీ లాల్ గుప్తా అనే ఐసీఎస్ అధికారి చూపించిన ఒక వైరుధ్యంనుంచి అది పుట్టింది. భారతీయ మేజిస్ట్రేట్ ప్రెసిడెన్సీ నగరంలో యూరోపియన్ ముద్దాయిని విచారించవచ్చు, జిల్లాకు బదిలీ అయితే విచారించకూడదు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తుల్లో ఒక్క రమేశ్ చంద్ర మిత్ర తప్ప మిగతావాళ్లంతా బిల్లును వ్యతిరేకించారు. చివరికి 1884లో వచ్చిన చట్టం యూరోపియన్‌కు సగం మంది తన జాతివాళ్లున్న జ్యూరీని కోరుకునే వీలిచ్చింది. దస్తావేజుల మీద మినిట్లు రాసేటప్పుడు కనిపించే నిష్పాక్షికత చర్మం రంగు దగ్గర ఆగిపోయింది.

వక్ఫ్ (ముస్లిం ధర్మాదాయం) విషయంలో కథ మరోలా నడిచింది. కుటుంబం కోసం పెట్టిన వక్ఫ్‌లు చెల్లవని 1894లో అబుల్ ఫతా కేసులో ప్రివీ కౌన్సిల్ అంది. కలకత్తా హైకోర్టులో అమీర్ అలీ అంతకుముందే దీనికి విరుద్ధమైన అభిప్రాయం రాసి ఒంటరిగా మిగిలాడు. జిన్నా తెచ్చిన బిల్లు 1913లో చట్టమై ఆ తీర్పును తోసేసింది. ఆనాటికి అమీర్ అలీ ప్రివీ కౌన్సిల్ సభ్యుడు.

రైతు, ఇనాందారు

మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం నేపథ్యంలో తెలుగు రైతుల దావాలు ఉన్నాయి. 1897లో వెంకట నరసింహ నాయుడు వర్సెస్ దండమూడి కోటయ్య కేసులో మద్రాసు హైకోర్టు ఒక సూత్రం చెప్పింది. జమీందారుకు శిస్తు మీద హక్కు ఉన్నంత మాత్రాన కుడివారం, అంటే సాగు హక్కు, అతనిదని అనుకోవడానికి వీల్లేదు. 1908 నాటి ఈ ఎస్టేట్స్ లాండ్ చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చినప్పుడు ఈ ఆలోచనే శాసనంలోకి ఎక్కింది. ఇనాం గ్రామాల్లో మాత్రం చిక్కు మిగిలింది. శిస్తు మాత్రమే ఇనాంగా ఇచ్చిన గ్రామాలకే చట్టం వర్తించింది. సందేహం వస్తే శిస్తు మాత్రమే ఇచ్చినట్టు మద్రాసు కోర్టు అనుకునేది. 1918లో సూర్యనారాయణ వర్సెస్ పాతన్న కేసులో అలా అనుకోవడానికి ఆధారం లేదని ప్రివీ కౌన్సిల్ అంది. అగ్రహారాలు, శ్రోత్రియాలు లాంటి ఇనాం గ్రామాల్లో రైతులు ఒక్కసారిగా చట్టం బయట పడే పరిస్థితి వచ్చింది. పద్దెనిమిదేళ్లకు, 1936లో, మూడో సవరణ మొత్తం గ్రామం ఇనాంగా ఉన్నచోట దాన్ని ఎస్టేట్‌గా లెక్కించింది. షావుకారు తనఖాకు ఊరట ఏడాదిలో దొరికింది, రైతు పొలానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

నేరుగా సవరించే అధికారం

1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. 1859, 1877, 1882 కోడ్‌లలో చిన్నా పెద్దా అన్నీ సెక్షన్లే. వాటిలో ఒక చిన్న వివరం మార్చాలన్నా శాసన మండలికే వెళ్లాలి. కొత్త కోడ్‌లో మూల సూత్రాలు 158 సెక్షన్లలో ఉంచి, దావా నడిచే తీరుకు చెందిన వివరాలన్నీ మొదటి షెడ్యూల్లో 51 ఆర్డర్లుగా పెట్టారు. 122వ సెక్షన్ కింద ఆ షెడ్యూల్‌ను హైకోర్టులే సవరించుకోవచ్చు. అందుకోసం రూల్ కమిటీ ఒకటి, అందులో హైకోర్టు న్యాయమూర్తులతో పాటు న్యాయవాదులూ కింది కోర్టు న్యాయమూర్తీ ఉంటారు. ప్రభుత్వం ఆమోదించాలి, గెజెట్‌లో వేయాలి. న్యాయమూర్తి అభిప్రాయం చెప్పి ఊరుకోవడం పోయి, తానే కలం పట్టి సవరించే అధికారం చట్టబద్ధంగా వచ్చింది. ఒకే ఆర్డర్ మద్రాసులో ఒకలా, అలహాబాదులో మరొకలా చదవవలసి రావడం దీని ఫలితమే.

పోలీసు ముందు చెప్పిన మాట

క్రిమినల్ చట్టంలో కోర్టుకూ శాసనసభకూ మధ్య నడిచిన ఇలాంటి సంభాషణకు మంచి ఉదాహరణ రెండు తెలుగు కేసులు. 1923 సవరణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్‌ను తిరగరాసి, దర్యాప్తులో పోలీసుకు ఎవరైనా చెప్పిన మాటను విచారణలో వాడడాన్ని కట్టడి చేసింది. ‘ఎవరైనా’ అంటే ముద్దాయి కూడానా? 1937 మార్చిలో పూరీ స్టేషన్లో రైలు పెట్టెలో ఒక ట్రంకు పెట్టె దొరికింది, అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయింది పిఠాపురంలో పనిచేసిన మనిషి. పాకల నారాయణస్వామి మీద కేసు నడిచింది. అతను పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో చనిపోయిన వ్యక్తి తన ఇంటికి వచ్చాడని ఒప్పుకున్నాడు. 1939లో లార్డ్ అట్కిన్ ‘ఎవరైనా’ అంటే ఎవరైనానే, ముద్దాయి కూడా అని తేల్చి ఆ వాంగ్మూలాన్ని తోసేశాడు. మిగిలిన సాక్ష్యం సరిపోతుందని శిక్షను మాత్రం నిలబెట్టాడు.

దాంతో కొత్త చిక్కు. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఆయుధమో సొత్తో బయటపడితే ఆ మేరకు మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని సాక్ష్య చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. 162 అంత విస్తారమైతే 27 బతికి ఉన్నట్టేనా? ఆ అనుమానాన్ని 1941 నాటి 15వ చట్టం తీర్చింది. 162వ సెక్షన్ 27ను తాకదని అందులోనే రాసేశారు.

అలా కాపాడిన 27వ సెక్షన్ హద్దులు గుంటూరు జిల్లా హత్యల కేసులో తేలాయి. పులుకూరి కోటయ్య కేసులో 1946 చివర సర్ జాన్ బ్యూమాంట్ తీర్పు రాశాడు. ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తానంటే ఆ మాట చెల్లుతుంది, దానితోనే ఫలానావాడిని పొడిచానన్న మాట చెల్లదు, ఎందుకంటే దొరికింది కత్తి, పొడవడం కాదు. 1949లో ప్రివీ కౌన్సిల్ అప్పీళ్లు రద్దయినా ఈ విభజన పోలేదు. 2024 జులై 1నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో పాత 27వ సెక్షన్ 23వ సెక్షన్ కింద షరతుగా చేరింది. దానికి అర్థం చెప్పేటప్పుడు విచారణ కోర్టులు ఇప్పటికీ పులుకూరి కోటయ్య కేసునే ఉదహరిస్తున్నాయి.